హాస్టలు లేదంటే హాస్టలే పెట్టిన దుర్గాబాయి

మన గోడపత్రికలో నెలకొక గొప్పవాళ్ళ జీవితం రాస్తున్నాం. గాంధీ, అంబేద్కర్, అల్లూరి సీతారామరాజు, మన కడపలో కొన్నాళ్ళు ఉన్న బ్రౌన్ దొర అందరూ అయిపోయినారు. ఈ నెల నా వంతు. నేను దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి రాస్తానని తెలుగు మేడంకి చెప్పినాను. ఎందుకంటే మనం ఇప్పటిదాకా రాసినవాళ్ళలో ఒక్క ఆడమనిషి కూడా లేదు. ఇంకొక కారణం కూడా ఉంది, అది మధ్యలో వస్తుంది.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టింది. పెరిగింది కాకినాడలో. తండ్రి పేరు రామారావు, తల్లి పేరు కృష్ణవేణమ్మ. డబ్బున్న కుటుంబమేమీ కాదు గానీ తండ్రికి పదిమందికి సాయం చేసే గుణం ఉండేది. ఆ కాలం ఆచారం ప్రకారం దుర్గాబాయికి ఎనిమిదేండ్లకే పెండ్లి చేసేసినారు. ఎనిమిదేండ్లంటే మన మూడో తరగతి పిల్లలు. ఆ పిల్లకు పెండ్లంటే ఏమి తెలుస్తుంది? కొత్త గుడ్డలు, తీపి పదార్థాలు, అంతే. పెద్దయినాక పదిహేనేండ్ల వయసులో ఆమె ఈ పెండ్లిలో ఉండలేనని తెగేసి చెప్పింది. భర్తను ఇంకో పెండ్లి చేసుకోమని కూడా చెప్పింది. తండ్రి, తమ్ముడు ఆమె పక్కనే నిలబడినారు. ఇప్పుడు కూడా మా తండాలో ఇట్లా ఒక ఆడపిల్ల అంటే ఊరంతా పంచాయితీ పెడుతుంది. 1924 ప్రాంతంలో అనడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి.

బడి సంగతి కూడా అట్లాగే. సహాయ నిరాకరణ ఉద్యమం వచ్చినప్పుడు ఇంగ్లీషు చదువు వద్దని పన్నెండేండ్లకే బడి మానేసింది. మనలో కొందరికి ఈ ముక్క వినగానే సంతోషం కలగవచ్చు! కానీ ఆమె ఊరికే ఇంట్లో కూర్చోలేదు. అంతకుముందే ఇంటి దగ్గర హిందీ నేర్చుకుని ఉంది. తాను నేర్చుకున్నది ఆడవాళ్ళకు చెప్పడం మొదలుపెట్టింది. అదే బాలికా హిందీ పాఠశాల అయింది. వాళ్ళమ్మ కూడా ఆ బడిలో పని చేసింది. చూడ్డానికి వచ్చిన పెద్ద నాయకులు పంతులమ్మ ఎక్కడ అని వెతికితే, పావడా కట్టుకున్న ఈ చిన్నపిల్లే పంతులమ్మ అని తెలిసి నోరు తెరిచినారంట.

1921లో గాంధీ కాకినాడకు వస్తున్నాడని తెలిసింది. ఊర్లో దేవదాసీ ఆడవాళ్ళు, పరదాలో ఉండే ముస్లిం ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళు పెద్ద సభకు రాలేరు, వచ్చినా ఎవరూ కూర్చోనివ్వరు. వాళ్ళ కోసం గాంధీ వేరుగా కొంచెంసేపు రావాలని దుర్గాబాయి పట్టు పట్టింది. నిర్వాహకులు, ఈ పిల్లను ఎట్లా వదిలించుకుందామా అనుకున్నారో ఏమో, అయిదు వేల రూపాయలు ఉద్యమానికి ఇస్తే చూస్తామన్నారు. అప్పట్లో అయిదు వేలంటే మాటలా! అయినా ఆ ఆడవాళ్ళంతా కలిసి పోగు చేసినారు. అయిదు నిమిషాలకని వచ్చిన గాంధీ అరగంట పైగా మాట్లాడినాడు. హిందీలో మాట్లాడుతుంటే తెలుగులో చెప్పింది దుర్గాబాయే. ఆడవాళ్ళు ఒంటి మీది గాజులు, గొలుసులు తీసి ఇచ్చేసినారు. అవి ఇరవై అయిదు వేల రూపాయల దాకా అయినాయని చెప్తారు. తర్వాత పెద్ద సభలో తర్జుమా చేయడానికి కొండా వెంకటప్పయ్య గారు సిద్ధంగా ఉన్నా, గాంధీ ఆ పిల్లనే పిలిచినాడంట.

1923 డిసెంబరులో కాకినాడలోనే కాంగ్రెసు మహాసభ జరిగింది. పక్కన ఖాదీ ప్రదర్శన పెట్టినారు. దాని గేటు దగ్గర దుర్గాబాయి కాపలా. టికెట్టు లేనిదే ఎవరినీ పంపవద్దని ఆమెకు చెప్పినారు. అంతలో నెహ్రూ వచ్చినాడు. చేతిలో టికెట్టు లేదు. ఆమె ఆపేసింది. నిర్వాహకులు పరిగెత్తుకుంటూ వచ్చి కేకలేసినారు. తనకు చెప్పిన మాటే తాను చేస్తున్నానని ఆమె గేటు వదల్లేదు. చివరికి టికెట్టు కొని తెస్తేనే నెహ్రూ లోపలికి పోయినాడు, ఆమెను మెచ్చుకున్నాడు కూడా. ఈ కథ అన్ని పుస్తకాలలోనూ ఉంది కాబట్టి నేనూ రాసినాను. కానీ నాకు దీనికంటే తర్వాతి భాగమే ఇష్టం. అది పుస్తకాలలో రెండు మూడు లైన్లలో అయిపోతుంది.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. మద్రాసులో దుర్గాబాయి ముందు నిలబడింది. అరెస్టు చేసి వేలూరు జైలుకు పంపినారు. 1930 నుంచి 1933 లోపల ఆమె మూడుసార్లు జైలుకు పోయింది. మదురై జైలులో ఒంటరి గదిలో పెట్టినారు. పక్క గదులలో ఉరిశిక్ష పడినవాళ్ళు. ఆరోగ్యం బాగా చెడిపోయింది. జైలులో ఆమె చాలామంది పేద ఆడవాళ్ళను చూసింది. చదువు రాదు, కోర్టులో ఏమి జరిగిందో తెలియదు, ఏ కాగితం మీద వేలిముద్ర వేసినారో తెలియదు. కానీ ఏండ్లకేండ్లు శిక్ష. వాళ్ళ కథలు విని లాయరు కావాలనే ఆలోచన వచ్చింది ఆమెకు.

మిత్రులారా, ఇక్కడే ఆగి కొంచెం లెక్క వేయండి. లాయరు కావాలంటే బి.ఎల్. చదవాలి. దానికి ముందు బి.ఏ. దానికి ముందు ఇంటరు. దానికి ముందు మెట్రిక్. ఆమె చదివింది చిన్న తరగతులు. జైలు నుంచి వచ్చేసరికి వయసు 24. ఇంగ్లీషు రాదు, అది వద్దనే కదా బడి మానింది! లెక్కలూ అంతంతమాత్రమే.

నేను మొదట్లో చెప్పిన కారణం ఇదే. మా అక్క ఏడో తరగతితో ఆగిపోయింది. ఇప్పుడు ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగట్లో పని చేస్తుంది. గిరాకీ వాళ్ళు చూసి పడేసిన చీరలు పొద్దున్నుంచి రాత్రి దాకా మడత పెట్టాల. అక్కకు పంతొమ్మిదేండ్లు. సెలవుల్లో కలిసినప్పుడు ఓపెన్ స్కూలులో పదో తరగతి కట్టు అంటే, ముసలిదాన్నయినాక నాకెందుకు అంటుంది. పంతొమ్మిదేండ్లకే! జమ్మలమడుగు బస్టాండు దగ్గర చూడండి, మెకానిక్ షెడ్లలో, హోటళ్ళలో, బంకుల్లో ఎంతమంది మన ఈడు వాళ్ళున్నారో. నాపరాళ్ళ గనుల్లో ఇంకా ఎక్కువ. వాళ్ళను పలకరిస్తే సగం మంది ఏదో ఒక హాస్టలులో చదివి ఆగిపోయినవాళ్ళే. అందరూ ఒకటే మాట, వయసు దాటిపోయిందని. అందుకే ఈ 24 అనే అంకె నాకు నెహ్రూ టికెట్టు కంటే పెద్దగా కనిపించింది.

దుర్గాబాయి ఇంగ్లీషు మొదటి నుంచీ మొదలుపెట్టింది. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం వాళ్ళు బడికి పోకుండా చదివినవాళ్ళకు మెట్రిక్ పరీక్ష రాసే వీలు ఇచ్చేవాళ్ళు. ఆ పరీక్ష కట్టి పాసయింది. ఇంటరు కూడా బనారస్ నుంచే. తర్వాత బి.ఏ.లో రాజనీతిశాస్త్రం చదవాలనుకుంది. అది మగవాళ్ళు చదివేది అని అక్కడ మాలవీయ గారు ఒప్పుకోలేదు. అంత గొప్పాయన కూడా అట్లా అనుకున్నాడంటే నాకు ఆశ్చర్యం వేసింది. సరే, వాల్తేరులో మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చింది. అక్కడ వైస్ ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డి గారు, మన రాయలసీమ చిత్తూరు జిల్లా ఆయనే. సీటు ఇవ్వడానికి ఆయనకు అభ్యంతరం లేదు గానీ, ఆడపిల్లలకు హాస్టలు లేదు, ఎక్కడ ఉంటావు అనేది ఆయన సందేహం.

హాస్టలు లేదు కాబట్టి చదువు లేదు. ఈ మాట మన అమ్మానాయనలు కూడా విన్నదే. మన స్కూలు కట్టకముందు మా తండా నుంచి ఆడపిల్లలు అయిదు దాటి చదివింది లేదు. ఎందుకంటే హైస్కూలు దూరం, ఉండడానికి చోటు లేదు.

అప్పుడు దుర్గాబాయి ఏమి చేసిందంటే, పేపరులో ఒక ప్రకటన వేయించింది. హాస్టలు లేక వాల్తేరులో చదువుకోలేకపోతున్న ఆడపిల్లలు ఎవరైనా ఉంటే తనను కలవమని. కొంతమంది అమ్మాయిలు వచ్చినారు. అందరూ కలిసి ఒక చోటు చూసుకుని తామే హాస్టలు నడుపుకున్నారు. ఇంక రామలింగారెడ్డి గారికి కాదనడానికి ఏమీ మిగల్లేదు. సీటు ఇచ్చినారు. మనం సాంబారు నీళ్ళగా ఉందని అలుగుతామే, ఆ అమ్మాయిలకు అలగడానికి వార్డెన్ మేడం కూడా లేదు! వంట, లెక్క, కాపలా అంతా వాళ్ళదే అయ్యుంటుంది. 1939లో దుర్గాబాయి అక్కడ మంచి మార్కులతో డిగ్రీ పూర్తి చేసింది. 1942లో మద్రాసులో లా డిగ్రీ తీసుకుని లాయరుగా పేరు రాయించుకుంది. 24 ఏండ్లకు మొదలుపెట్టిన మనిషి 33 ఏండ్లకు నల్లకోటు వేసుకుంది.

ఈ చదువు మధ్యలోనే ఇంకొక పని పుట్టింది. మద్రాసు మైలాపూరులో ఉన్నప్పుడు ఆమె చుట్టుపక్కల ఆడపిల్లలను చేర్చుకుని ఒక చిన్న సంఘం పెట్టింది. ఆటలు, పాటలు, చదువు. తర్వాత పెద్దవాళ్ళు రావడం మొదలయింది. చిన్నతనంలోనే భర్త పోయినవాళ్ళు, భర్త వదిలేసినవాళ్ళు, నాలుగో అయిదో చదివి ఇంట్లో కూర్చున్నవాళ్ళు. వాళ్ళకు ఇంట్లో మర్యాద లేదు, చేతిలో పని లేదు. తాను ఏ దారిలో మెట్రిక్ పాసయిందో ఆ దారిలోనే వాళ్ళనూ నడిపించింది. అదే బనారస్ మెట్రిక్ పరీక్షకు తరగతులు పెట్టింది. 1937లో ఇది ఆంధ్ర మహిళా సభ అయింది.

అప్పుడు మద్రాసు అంటే మన రాజధాని. మన కడప జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. ఇక్కడి నుంచి ఎర్రగుంట్ల పోయి బొంబాయి-మద్రాసు రైలు ఎక్కితే నేరుగా దిగేది అక్కడే. కాబట్టి ఇది ఎక్కడో జరిగిన సంగతి అనుకోవద్దు. పట్నంలో దిక్కులేని తెలుగు ఆడవాళ్ళకు ఆ సభ పుట్టింటి మాదిరి ఉండేది.

నాకు బాగా నచ్చింది ఏమంటే, ఆ సభ చదువు చెప్పి సర్టిఫికెట్టు చేతికిచ్చి పంపేయలేదు. కుట్టుపని, చేనేత, చేతిపనులు నేర్పించింది. నర్సు ట్రైనింగు, టీచరు ట్రైనింగు పెట్టింది. ఆసుపత్రి పెట్టింది. ఆసుపత్రి ఉంటే నర్సులు కావాలి, బడి ఉంటే టీచర్లు కావాలి. నేర్చుకున్నవాళ్ళకు పని దొరకాలి కదా. మన దగ్గర ఏమవుతుంది? పది పాసయినాక ఏమి చేయాలో చెప్పేవాళ్ళు లేక, ఎవరో ఒకరు చేరిన కోర్సులోనే అందరం చేరిపోతాం. పోయినేడు పాసయిన మన సీనియర్లలో ఏ ట్రైనింగుకు ఏ మార్కులు కావాలో ముందే తెలిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో.

తర్వాత దుర్గాబాయి జీవితం చాలా పెద్దది. గబగబా చెప్తాను. 1946లో రాజ్యాంగ సభ సభ్యురాలయింది. అంత పెద్ద సభలో ఆడవాళ్ళు 15 మందే. రాజ్యసభకు నిలబడాలంటే 35 ఏండ్లు ఉండాలని మొదట రాసుకుంటే, 30 చాలని సవరణ పెట్టి ఒప్పించింది. సివిక్స్ పరీక్షలో రాజ్యసభ వయసు అడిగితే ఈమెను గుర్తు పెట్టుకుని 30 అని రాయండి. 1952లో లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయింది. అయినా నెహ్రూ ఆమెను ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నాడు. 1953 జనవరి 22న చింతామణి దేశ్‌ముఖ్‌ను పెండ్లి చేసుకుంది. ఆయన రిజర్వు బ్యాంకుకు మొదటి భారతీయ గవర్నరు, అప్పటికి దేశానికి ఆర్థికమంత్రి. నెహ్రూ ఆ పెండ్లికి సాక్షి సంతకం పెట్టినాడు. కాకినాడలో టికెట్టు అడిగించుకున్న మనిషే! అదే ఏడు చైనాకు పోయి అక్కడి కుటుంబ కోర్టులు చూసి వచ్చి, మన దేశంలోనూ కావాలని అడిగింది. ఆ చట్టం 1984లో వచ్చింది, అప్పటికి ఆమె లేదు.

1953లోనే కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పెట్టి ఆమెను మొదటి అధ్యక్షురాలిని చేసినారు. పల్లెల్లో ఆడవాళ్ళకు, పిల్లలకు సాయం చేసే సంస్థలకు డబ్బు ఇవ్వడం ఆ బోర్డు పని. పల్లెలకు గ్రామసేవికలు, మంత్రసానులు, టీచర్లు కావాలి. చూస్తే, ఆ పల్లెల్లో ఎనిమిదో పదో చదివిన ఆడవాళ్ళే దొరకలేదు. పట్నం నుంచి పంపితే వాళ్ళు నిలబడరు. ఏమి చేయాల?

ఆమె తన పాత కథే బయటికి తీసింది. బడి మధ్యలో మానేసిన పెద్ద ఆడవాళ్ళను తెచ్చి, అన్నేండ్ల చదువును కుదించి రెండేండ్లలో చెప్పి, పరీక్ష రాయించి, ఉద్యోగానికి పంపాలి. 1958లో బోర్డు ఈ పథకం మొదలుపెట్టింది. దీన్ని కుదించిన కోర్సు అనవచ్చు, ఇంగ్లీషులో కండెన్స్‌డ్ కోర్సు అంటారు. పెద్ద వయసులో ఉన్నవాళ్ళకు చిన్నపిల్లల మాదిరి ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క ఏడు అక్కర్లేదు, బుర్ర ఎదిగి ఉంటుంది, బతుకు తెలిసి ఉంటుంది, గట్టిగా చెప్తే పట్టుకుంటారు అనేది దాని వెనక ఉన్న ఆలోచన. దేశం మొత్తం మీద ఎంతోమంది ఆడవాళ్ళు ఈ దారిలో పరీక్ష పాసయి నర్సులు, టీచర్లు, గ్రామసేవికలు అయినారు. ఆ 1958లోనే ఆడపిల్లల చదువు మీద ప్రభుత్వం వేసిన జాతీయ కమిటీకి కూడా ఆమే అధ్యక్షురాలు. ఆడపిల్లల చదువును ప్రత్యేక సమస్యగా చూసి దానికి వేరుగా డబ్బు పెట్టాలని మరుసటి ఏడు ఆ కమిటీ రాసిచ్చింది.

ఢిల్లీలో చూపులేనివాళ్ళ కోసం కూడా చాలా పని చేసింది, బడి, హాస్టలు, చేతిపనులు నేర్చుకునే చోటు పెట్టించింది. ఎక్కడికి పోయినా ఆమె పెట్టేవి ఈ మూడే. ఆంధ్ర మహిళా సభ హైదరాబాదులో కూడా పెరిగి కాలేజీలు, ఆసుపత్రి నడిపింది. 1975లో పద్మవిభూషణ్ ఇచ్చినారు. 1981 మే 9న చనిపోయింది. చెన్నైలో ఒక రోడ్డుకు, ఢిల్లీలో ఒక మెట్రో స్టేషనుకు ఆమె పేరు పెట్టినారు.

ఒక సంగతి మర్చిపోయినాను అనుకోవద్దు, కావాలనే చివరికి దాచినాను. చిన్నప్పుడు వద్దనుకున్న ఆ మొదటి భర్త ఇంకొక ఆమెను పెండ్లి చేసుకున్నాడు. ఆయన 1941లో చనిపోయినాడు. ఆ రెండో భార్యకు దిక్కు లేకపోతే దుర్గాబాయే పిలిపించుకుని, ఆంధ్ర మహిళా సభలో పెట్టుకుని, చేతిపని నేర్పించి, ఉద్యోగం దొరికేదాకా చూసుకుంది. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కొంచెంసేపు ఊరికే కూర్చున్నాను. మా రూములో దీని మీద పెద్ద వాదన జరిగింది. ఒకరు ఆమెకు ఏమి అవసరం అన్నారు, ఒకరు ఆ రెండో ఆమె చేసిన తప్పేముంది అన్నారు. లైట్లు ఆర్పినాక కూడా గుసగుసలాడుతుంటే వాచ్‌వుమన్ అక్క వచ్చి అరిచింది. వాదన తేలలేదు.

ఇప్పుడు వార్డెన్ మేడం గారికి ఒక మనవి. దసరా సెలవులకు పోయి తిరిగి రాని మన తొమ్మిదో తరగతి వాళ్ళు ముగ్గురు. ఒకామె వాళ్ళ అమ్మానాయనలతో పత్తి పనికి పోయింది, ఇద్దరు ప్రొద్దుటూరులో పనికి కుదిరినారు. మొన్న ఆదివారం వాళ్ళలో ఇద్దరు గేటు దాకా వచ్చి, పాఠాలు చాలా దాటిపోయినాయి, ఇంక మాకు అర్థం కాదు అని వెనక్కి పోయినారు. వాళ్ళ పేర్లు రిజిస్టరులో కొట్టేయకుండా సంక్రాంతి దాకా ఆపాలని మా తరగతి అంతా అడుగుతున్నాం. దాటిపోయిన పాఠాలు మేము చెప్తాం. రాత్రి భోజనాలయినాక ఒక గంట డైనింగ్ హాలు లైటు ఉంచితే చాలు. లెక్కలు నేను చెప్తాను. ఇంగ్లీషుకు పదో తరగతి అక్కలు ఒప్పుకున్నారు. సోషల్‌కు ఇద్దరు పోటీ పడుతున్నారు. సైన్సుకు ఇంకా ఎవరూ దొరకలేదు, వీలున్నవాళ్ళు ఈ కాగితం కింద పేరు రాయండి.